పెళ్ళిజడకు ఫోనులో బయానా

ముఖం చూడని మనిషికి ముహూర్తపు ముస్తాబు - సొమ్ము పంపే ముందే తేల్చుకోవలసినవి ఎన్నో

రాజమహేంద్రవరం: ముహూర్తం పెట్టుకున్నాక పెళ్ళివారు పురమాయించవలసిన వాళ్ళ జాబితాలో ఇప్పుడు ఇంకొకరు చేరారు. పురోహితుడు, బజంత్రీలు, వంటవాళ్ళు, పందిరి, ఫోటోలు అయ్యాక, పెళ్ళికూతురికి జడ వేసి పూలు అమర్చి ముస్తాబు చేసే హెయిర్ స్టైలిస్టును కూడా మాట్లాడుకోవాలి. పట్నాలలో ఎప్పటి నుంచో ఉన్న ఈ పద్ధతి కోరుకొండ, సీతానగరం, రాజానగరం, కడియం వైపు పల్లెలకూ వచ్చేసింది.

బజంత్రీల మేళం ఎవరిదో, వంటమేస్త్రి ఎవరో ఊరందరికీ తెలుసు. జడ వేసే ఆమె ఎవరో మాత్రం చాలా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. పెళ్ళికూతురో, ఆమె చెల్లెలో, పట్నంలో చదువుకుంటున్న పిన్ని కొడుకో ఫోనులో వెతికి, ప్రకటనల సైటులో ఒక పేరు పట్టుకుంటారు. నాలుగు ఫోటోలు చూస్తారు. బేరం ఫోనులోనే. బయానా ఫోనులోనే. మనిషి ముఖం చూసేది పెళ్ళినాటి తెల్లవారుజామున.

సవ్యంగా జరిగితే పేచీ లేదు. జరగని ఇంట మాత్రం దిద్దుకునే వ్యవధి ఉండదు. చీర నప్పకపోతే ఇంకొకటి కట్టుకోవచ్చు. కూర చెడితే ఇంకొకటి వండవచ్చు. ముహూర్తం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

ఒకప్పుడు పూచీ ఊరిదే

వెనుకటి రోజుల్లో తలపని చేసేవారికి, చేయించుకునేవారికి మధ్య బేరం అన్నదే లేదు. ఊరి నాయీ బ్రాహ్మణ కుటుంబానికి పంట కళ్ళం మీదనే మేర కొలిచేవారు. దానికి బదులుగా ఏడాది పొడుగునా ఆ ఇంటి మగవాళ్ళకు క్షౌరం, పెళ్ళి వస్తే పెళ్ళికొడుకుకు ముస్తాబు, గోళ్ళు తీసే వేడుక, మంగళవాద్యం అన్నీ వారివే. ఆ ఇంటి ఆడవాళ్ళు మంత్రసానులుగా పురుళ్ళు కూడా పోసేవారు. పనిలో లోపం జరిగితే మరునాడు అరుగు మీద అడిగేవారు. మేర తక్కువైతే వారూ అడిగేవారు.

పెళ్ళికూతురి జడ సంగతి ఆడవాళ్ళది. పిన్నో, మేనత్తో, పక్కింటి పెద్దావిడో కూర్చుని సవరం కలిపి జడ అల్లేవారు. మొగలిరేకుల జడ, మల్లెమొగ్గల జడ ఇంట్లోనే కుట్టేవారు. జడ వదులైతే దొడ్డమ్మ వచ్చి బిగించేది. డబ్బు ప్రసక్తి లేదు.

అది స్వర్ణయుగమని చెప్పుకోనక్కరలేదు. మేర చాలక కుటుంబం గడవని నాయీ బ్రాహ్మణులు ఎందరో వృత్తి మానేశారు, పట్నాలకు పోయి సెలూన్లు పెట్టుకున్నారు. జడలు అల్లిన పిన్నులకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, వారి కూతుళ్ళకు ఉద్యోగాలు. కడియపులంక మార్కెట్టులో పూలకు కొదవ లేకున్నా కూర్చుని కుట్టే చేతులు తగ్గాయి. కాబట్టి డబ్బిచ్చి మనిషిని పిలవడంలో తప్పేమీ లేదు. అయితే ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజుల్లో చేసే మనిషికి ఊరు పూచీ. ఫోనులోని ప్రకటనకు ఏ ఊరూ పూచీ పడదు. ఆ పూచీని పెళ్ళివారే ముందు జాగ్రత్తతో సంపాదించుకోవాలి.

ప్రకటన వెనుక ఎవరు?

పత్రికలలో చిన్న అక్షరాలతో వచ్చే వర్గీకృత ప్రకటనలు పాఠకులకు కొత్త కాదు. అమ్మకం, అద్దె, ఉద్యోగం, వధూవరులు అంటూ వరుసగా ఉండేవి. ప్రకటన ఇవ్వాలంటే పత్రిక ఆఫీసుకో, ఏజెంటు దగ్గరకో పోయి, కాగితం మీద రాసి డబ్బు కట్టాలి. ఎవరిచ్చారో కనుక్కోవడానికి ఒక దారి ఉండేది.

ఈ పనిని కంప్యూటరు మీదికి తెచ్చినవారిలో ముందువాడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన క్రెయిగ్ న్యూమార్క్. 1995లో ఆయన స్నేహితులకు పంపే ఈమెయిళ్ళతో మొదలైనది క్రెయిగ్స్‌లిస్ట్ అనే పెద్ద ప్రకటనల సైటు అయింది. మన దేశంలో 1996లో ముంబయిలో జస్ట్ డయల్ సంస్థ ఫోను ద్వారా చిరునామాలు చెప్పే పనితో బయలుదేరింది. తరువాత ఓఎల్‌ఎక్స్, క్వికర్ వంటివి వచ్చాయి. 2014లో అర్బన్ క్లాప్ పేరుతో పుట్టి, 2020లో అర్బన్ కంపెనీగా పేరు మార్చుకున్న సంస్థ ఇంటికే బ్యూటీషియనును పంపే పని పట్టింది. కాని అది నగరాల వ్యవహారం. పల్లెకు రావలసిన మనిషి కోసం వెతికేవారికి దొరికేది ఎక్కువగా ఉచిత ప్రకటనలు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలే.

ఉచిత ప్రకటనకు చాలా చోట్ల ఒక ఫోను నెంబరు ఉంటే సరిపోతుంది. జాబితాలో అందరికంటే పైన ఉన్న పేరు అందరికంటే మంచి పనివారిదని అనుకోవడం పొరపాటు. పైన కనిపించడానికి డబ్బు కట్టే వీలున్న సైట్లు ఉన్నాయి. ఒకసారి విచారిస్తే అరగంటలో పది మంది ఫోను చేయడం కూడా ఇందువల్లనే. విచారించినవారి నెంబరును ఆ పని చేసేవారికి అందించి సొమ్ము తీసుకోవడం కొన్ని సైట్ల వ్యాపారం.

నక్షత్రాల గుర్తులు, పొగడ్తలు కూడా పూర్తిగా నమ్మదగినవి కావు. దొంగ పొగడ్తల బెడద ఎంత ముదిరిందంటే, ఆన్‌లైన్ అభిప్రాయాలను ఎలా సేకరించాలో, ఎలా సరిచూడాలో చెబుతూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఏకంగా ఒక ప్రమాణమే ప్రకటించవలసి వచ్చింది.

ఇక ఫోటోలు. ఇంకొకరు వేసిన జడను తన పనిగా పెట్టుకోవడం చిటికెలో పని. దానికి విరుగుడు కూడా ఫోనులోనే ఉంది. గూగుల్ లెన్స్‌లో ఆ ఫోటో పెట్టి వెతికితే, అదే బొమ్మ ఏ ముంబయి మనిషి పేజీలోనో, ఏ చెన్నై పత్రికలోనో ఉంటే చాలాసార్లు బయటపడుతుంది. అంతకన్నా సులువైన పద్ధతి ఇంకొకటి ఉంది. ఈ మధ్య పని చేసిన రెండు ఇళ్ళవారి ఊరు, ఫోను నెంబరు అడగాలి. నిజంగా పని చేసిన మనిషి ఆ ఇంటివారిని అడిగి నెంబరు ఇస్తుంది. ఇవ్వని మనిషికి సమాధానాలు మాత్రం చాలా ఉంటాయి.

"డేటు పోతుందమ్మా!"

మోసం చేసేవారి మాట తీరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. "అమ్మా, ఆ రోజు ముహూర్తాలు బాగా ఉన్నాయి. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. ఇప్పుడే అడ్వాన్సు వేస్తే డేటు మీకు ఉంచుతాను" అంటారు. శ్రావణమో, మాఘమో దగ్గర పడితే ఈ మాట నిజం కూడా కావచ్చు. అందుకే ఇది పని చేస్తుంది. తొందర పెట్టిన చోట ఒక రాత్రి ఆగి ఆలోచించడం మంచిది.

యూపీఐ చెల్లింపులు మన దేశంలో 2016లో మొదలయ్యాయి. వాటిలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. సొమ్ము పంపడానికే పిన్ను కావాలి. సొమ్ము పుచ్చుకోవడానికి పిన్ను కొట్టనక్కరలేదు, క్యూఆర్ కోడు స్కాన్ చేయనక్కరలేదు. "మీ అడ్వాన్సు తిరిగి పంపుతున్నాం, ఈ కోడు స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అని ఎవరన్నా అంటే, అది తిరిగి ఇవ్వడం కాదు, మరోసారి దోచుకోవడం.

బయానా ఎంత ఇవ్వాలన్నది ఇరుపక్షాల ఇష్టం. అయితే మొత్తం సొమ్ము ముందే ఇవ్వడం ఎవరికీ మంచిది కాదు. కొంత బయానాగా, కొంత మనిషి ఇంటికి వచ్చాక, మిగిలినది పని అయ్యాక ఇస్తే ఇద్దరికీ ధైర్యం. పంపేటప్పుడు ఫోనులో కనిపించే ఖాతాదారు పేరు, మాట్లాడిన మనిషి చెప్పిన పేరు ఒకటో కాదో చూసుకోవాలి. వేరైతే ఎందుకు వేరో అడగాలి.

సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఇది సైబర్ నేరాలకు దేశమంతటికీ ఉన్న నెంబరు. సొమ్ము దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారేలోగా చెబితే, దానిని బ్యాంకులో నిలిపివేసే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచితే ఆ అవకాశం పోతుంది. కేంద్ర హోంశాఖ నడిపే సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ సైటులో కూడా ఫిర్యాదు రాయవచ్చు.

తెల్లవారితే సోమవారం

మోసం ఏమీ లేకుండానే పెళ్ళి ముస్తాబు చెడగొట్టేది ఒకటుంది. అది తేదీ. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. గడియారం లెక్కలో అర్ధరాత్రితో మారుతుంది. ఆదివారం రాత్రి 2 గంటల 35 నిమిషాలకు ముహూర్తమైతే శుభలేఖ మీద "ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం" అని వేస్తారు. పల్లెలో ఎవరికీ సందేహం రాదు. ఫోను క్యాలెండరులో మాత్రం అది సోమవారమే. "సోమవారం రెండున్నర" అని రాసుకున్న స్టైలిస్టు సోమవారం మధ్యాహ్నానికి వచ్చి దిగితే తప్పు ఎవరిదని వాదించుకోవాలి?

కాబట్టి ముహూర్తం వేళ ఒక్కటే చెప్పి ఊరుకోరాదు. "ఫలానా తేదీ, ఆదివారం రాత్రి భోజనాల వేళకు, అంటే 9 గంటలకు మా ఇంటికి చేరాలి. 12 గంటలకు జడ మొదలు పెట్టాలి. 2 గంటలకు పెళ్ళికూతురు పీటల మీదికి సిద్ధం కావాలి" అని విడమర్చి వాట్సాప్‌లో రాసి, అటు నుంచి "సరే" అన్న జవాబు తెప్పించుకోవాలి. ఆ జవాబే రేపు కాగితం.

ఊరి పేరు కూడా తేల్చాలి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళున్న చోట మండలం పేరు, కల్యాణ మండపం పేరు రాయాలి. ఫోనులో దారి చూపే లొకేషను పంపాలి.

జీలకర్ర బెల్లానికి చోటుండాలి

ఫోటోలో ముచ్చటగా కనిపించే జడ పీటల మీద ఇబ్బంది పెట్టవచ్చు. ప్రకటనలలోని అలంకారాలు చాలావరకు రిసెప్షనుకు చేసినవి. అక్కడ పెళ్ళికూతురు కుర్చీలో కూర్చుంటుంది, ఫోటోకు నవ్వుతుంది, అంతే. మన పెళ్ళిలో ఆ తలకు చాలా పని ఉంది.

సుముహూర్తాన వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. నడినెత్తిన జుట్టును బుట్టలా ఎత్తి పిన్నులు గుచ్చి స్ప్రే కొడితే ఆ ముద్ద నిలవక జారుతుంది. నుదుటికి బాసికం కడతారు. దాని దారం తల వెనక్కి పోవాలి. పాపిటబిళ్ళ, సూర్యవంక, చంద్రవంక పెట్టే చోటు ఉండాలి. మంగళసూత్రం కట్టే వేళ ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకోవాలి. మెడ మీద బిగించిన పూల కొప్పు అయితే ముడి వేయడానికి పెళ్ళికొడుకు తంటాలు పడతాడు. ఆ తరువాత తలంబ్రాలు. బియ్యం, పసుపు తడి జుట్టులో చిక్కుకుంటే వాటిని తీయడానికి మరునాడంతా పడుతుంది.

మన పద్ధతి తెలిసిన మనిషికి ఇవన్నీ చెప్పనక్కరలేదు. కొత్త మనిషికి తప్పక చెప్పాలి. బేరానికి ముందు "జీలకర్ర బెల్లం ఎక్కడ పెట్టేలా జడ వేస్తావమ్మా?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఆమె అనుభవం ఎంతో తెలిసిపోతుంది.

మంగళస్నానం సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. తలకు నిండా నూనె పట్టించి స్నానం చేయిస్తే, ఆ జుట్టు నునుపుగా జారి పిన్ను పట్టదు, వేడితో చుట్టిన ఉంగరాలు నిలవవు. ముందు రోజే తలంటు కానిచ్చి, పెళ్ళినాడు శాస్త్రానికి నాలుగు చుక్కల నూనె అంటించే ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళను ముందే ఒప్పిస్తే ఆ వేళప్పుడు మాటా మాటా పెరగదు.

వీలైతే పెళ్ళికి పది పదిహేను రోజుల ముందు ఒకసారి జడ వేయించి చూసుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. దానికి విడిగా డబ్బు ఇవ్వవలసి వచ్చినా నష్టం లేదు. తీసుకున్న వేళ ఎంత, సవరం రంగు సొంత జుట్టుతో కలిసిందా, పిన్నులు గుచ్చుకుంటున్నాయా, గంటసేపు కదిలాక జడ నిలిచిందా అన్నీ ఆ ఒక్క పూటలో తేలిపోతాయి. ఫోటోలు చూసి మురిసిపోవడం కన్నా చేతిపని ఒకసారి చూడటం మేలు.

రంగు, మందు విషయంలో తొందర వద్దు

జడ బాగా లేకపోతే ఫోటోలు పాడవుతాయి. తలకు పెట్టిన మందు పడకపోతే మనిషి ఆస్పత్రి పాలవుతుంది. పెళ్ళి ముందు పెళ్ళికూతురి జుట్టు సాపు చేయించడం, తల్లిదండ్రుల తెల్లజుట్టుకు రంగు వేయించడం ఇప్పుడు సాధారణం. ఇంటికి వచ్చే స్టైలిస్టులు ఈ పనులు కూడా చేస్తామంటారు.

నల్లరంగులలో చాలావాటిలో పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం ఉంటుంది. పెట్టెల మీద క్లుప్తంగా పీపీడీ అని వేస్తారు. ఇది కొందరికి అసలు పడదు. దురద, బొబ్బలు వస్తాయి, ముఖం, కనురెప్పలు వాస్తాయి. నల్ల గోరింటాకు పేరుతో అమ్మే పొడులలో కూడా ఇది కలిసి ఉండవచ్చు. నిరుడు పడినంత మాత్రాన ఈ ఏడు పడుతుందన్న నమ్మకం లేదు. అందుకే చెవి వెనుకనో, మోచేతి మడతలోనో కొంచెం రాసి 48 గంటలు చూడాలి. ఈ మాట రంగు పెట్టెలోని కాగితంలోనే ఉంటుంది. పెళ్ళి పొద్దున రంగు కలిపి నేరుగా తలకు పట్టించే మనిషి ఎంత పేరున్నదైనా వద్దనడమే క్షేమం.

జుట్టు సాపు చేసే మందులతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్నింటిని వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడి కళ్ళు, గొంతు మండుతాయి. తలుపులు మూసిన గదిలో ఆ పని చేయరాదు. కొన్నింటిలో గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంటుంది. ట్యునీషియాలో 26 ఏళ్ళ యువతి 2020, 2021, 2022 సంవత్సరాలలో ఒక్కొక్కసారి జుట్టు సాపు చేయించుకోగా, మూడుసార్లూ ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మూడుసార్లూ వాంతులు, జ్వరం, నడుమునొప్పి వచ్చాయి. ఆమెకు వాడిన క్రీములో ఈ యాసిడ్ ఉన్నట్లు వైద్యులు కనుగొని 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో రాశారు. మందు సీసాపై పేరు, అందులో కలిపినవి ఏమిటో చూపించమని అడగడానికి మొహమాటం అక్కరలేదు. పేరు లేని డబ్బాలో తెచ్చిన మందును తలకు తాకనివ్వరాదు.

దువ్వెనలు, బ్రష్షులు శుభ్రంగా ఉన్నాయా, పెళ్ళికొడుకు గడ్డానికి కొత్త బ్లేడు వేస్తున్నారా అన్నది కూడా చూసుకోవాలి. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడితే రక్తం ద్వారా కామెర్ల వైరస్ వంటివి అంటుకునే ప్రమాదం ఉంది. కొత్త బ్లేడు ఖరీదు ఎంత!

వచ్చే అమ్మాయికీ భయమే

ఇంతవరకు చెప్పింది పెళ్ళివారి బాధ. ప్రకటన ఇచ్చిన అమ్మాయికీ బాధలు ఉన్నాయి. ఆమె కూడా చాలాసార్లు ఏ పల్లె నుంచో వచ్చి, నాలుగు నెలలు పని నేర్చుకుని, అప్పు చేసి సామాను కొనుక్కున్న మనిషే.

ఆమె నెంబరు అందరికీ కనిపిస్తుంది. వేళగాని వేళ వచ్చే పిచ్చి ఫోన్లకు లెక్క లేదు. మిలిటరీ ఆఫీసరునని చెప్పి, అడ్వాన్సు పంపుతానంటూ క్యూఆర్ కోడు పంపి, ప్రకటనలు ఇచ్చినవారి ఖాతాలనే ఖాళీ చేసే ముఠాలు దేశమంతటా పట్టుబడ్డాయి. పుచ్చుకోవడానికి పిన్ను అక్కరలేదన్న సూత్రం ఆమెకూ వర్తిస్తుంది.

అర్ధరాత్రి ముహూర్తానికి తెలియని ఊరు పోవడం ఒక ఆడపిల్లకు చిన్న సంగతి కాదు. తోడు ఒకరిని తెచ్చుకుంటానంటే పెళ్ళివారు కాదనకూడదు. రాకపోకల బండి ఎవరిదో, రాత్రి పని అయ్యాక ఎక్కడ పడుకోవాలో ముందే చెప్పాలి. ఆమె కూడా పెళ్ళివారి ఇంటి లొకేషను తనవాళ్ళకు పంపి బయలుదేరడం మంచిది. ఆపదలో 112కు ఫోను చేయాలి.

వచ్చాక అవస్థలు వేరు. కూర్చోబెట్టడానికి సరైన కుర్చీ ఉండదు. అద్దం ఒక గదిలో, దీపం ఇంకో గదిలో. జుట్టు చుట్టే యంత్రానికి ప్లగ్గు కావాలంటే అది వంటవాళ్ళ మిక్సీకి పోయి ఉంటుంది. పెళ్ళికూతురి జడ సగంలో ఉండగా "ఏమ్మా, మా ఆడపడుచుకు కూడా ఒక జడ వెయ్యి, మా పెద్దమ్మాయికి కూడా" అంటూ నలుగురు వరుసలో నిలబడతారు. మాట్లాడుకున్నది ఒక్క తలకు. చివరకు డబ్బు దగ్గర బేరం మళ్ళీ మొదలవుతుంది. ఎన్ని జడలో, ఎంత సొమ్మో, పూలు ఎవరు తేవాలో, సవరం, జడగంటలు ఎవరివో ముందే రాసుకుంటే ఆ మాట పట్టింపు రాదు. పెళ్ళి వాయిదా పడితే బయానా ఏమవుతుందో కూడా ఆ రాతలో ఉండాలి. ఆ రోజు ఆమె వేరే పని వదులుకుని ఉంటుంది.

చెడితే ఎక్కడికి పోవాలి?

డబ్బు పుచ్చుకుని రాకపోయినా, వచ్చి పని చెడగొట్టినా చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. సొమ్ము తీసుకుని చేసే సేవకు ఇది వర్తిస్తుంది. స్టైలిస్టు విశాఖలో ఉన్నా హైదరాబాదులో ఉన్నా, ఫిర్యాదు చేసేవారు తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు అయితే కోర్టు రుసుము లేదు. వకీలు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు. రెండేళ్ళలోగా వేయాలి. అంతకుముందు 1915 నెంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సలహా చెబుతుంది.

అయితే రుజువు ముఖ్యం. ఇందుకు ఢిల్లీలో జరిగిన ఒక వ్యవహారం చూడవచ్చు. 2018లో అక్కడి ఒక పెద్ద హోటలు సెలూనులో చెప్పినదానికంటే బాగా పొట్టిగా జుట్టు కత్తిరించారని ఒక మహిళ ఫిర్యాదు చేశారు. 2021లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఆమెకు 2 కోట్ల రూపాయలు పరిహారం ఇవ్వమంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని పక్కన పెట్టింది. సేవలో లోపం ఉందన్న తీర్పు జోలికి పోలేదు గాని, ఇంత సొమ్ము నష్టపోయినట్లు ఆధారాలు ఏవని అడిగింది, మళ్ళీ విచారించమంది. ఆ తరువాత కూడా వ్యాజ్యం నడిచింది. కోట్ల మాట అటుంచి, వేల రూపాయల బయానాకైనా సూత్రం ఇదే. ప్రకటన బొమ్మ, వాట్సాప్ మాటలు, సొమ్ము పంపిన రసీదు, చెడిన పనికి ఫోటో, ఆస్పత్రికి పోతే చీటీ అన్నీ దాచాలి. ఫోను మార్చినప్పుడు పాత సందేశాలు పోకుండా చూసుకోవాలి.

దగ్గరివారిని ముందు అడగండి

ఫోనులో వెతకడానికి ముందు చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట అడిగి చూడటం తేలిక. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో పల్లె అమ్మాయిలు బ్యూటీ పార్లరు పని ఉచితంగా నేర్చుకుని వస్తున్నారు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తులలో క్షౌరవృత్తి ఒకటి. శిక్షణ, 15 వేల రూపాయల వరకు పనిముట్లకు సాయం, తక్కువ వడ్డీ అప్పు అందులో ఉన్నాయి. పక్క ఊళ్ళో అలాంటి మనిషి ఉండి కూడా, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటోలు లేవన్న ఒక్క కారణంతో ఎవరూ పిలవకపోవచ్చు. ఆమె వేసిన జడ నిరుడు జరిగిన పెళ్ళిలో అందరూ చూసే ఉంటారు. ఎవరు వేశారని మాత్రం అడిగి ఉండరు.

దొరకకపోతే ఫోను ఎలాగూ ఉంది. అప్పుడు కూడా రెండు ఇళ్ళవారిని విచారించి, ఒకసారి జడ వేయించి చూసి, బయానా కొద్దిగా ఇచ్చి, వేళ రాయించుకుని, రంగు ముందుగా పరీక్షించుకుంటే చాలు. ఈ అయిదు పనులకు పట్టేది రెండు మూడు పూటలు. పెళ్ళి పిలుపులకు తిరిగే రోజుల్లో అంతకన్నా ఎక్కువ వేళ బట్టల దుకాణంలోనే పోతుంది.